కారు హీటర్, బ్లోయర్ వైరింగ్ ఇంట్లోనే మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. పదిహేనేళ్ళు దాటిన చిన్న పెట్రోల్ కారు ఉంది. రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో తాడిపత్రి నుంచి ఏసీ వేసుకుని వస్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే బ్లోయర్ ఆగిపోయింది. ఒక వైరింగ్ షాపులో చూపిస్తే కాలిన కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) కత్తిరించి పారేసి, వైర్లు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపించారు. రెండు నెలలకే మళ్ళీ అదే వాసన. అప్పుడు పంతం పట్టి పని నేనే నేర్చుకున్నాను. నేను ఎలక్ట్రీషియన్ని కాను. ఆ తర్వాత బంధువులూ వీధిలోవాళ్ళూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు నేను చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

అనంతపురంలో కారు హీటర్‌తో పనేముంది?

మా బావ కూడా ఇదే అన్నాడు. "మే నెలలో కారెక్కితే చాలు కదరా, ఇంకా హీటర్ ఎందుకు?" అని.

హీటర్‌కూ ఏసీకీ గాలి ఊదే ఫ్యాను ఒక్కటే, బ్లోయర్. దాని వైరింగ్ పోతే చలికాలంలో హీటరే కాదు, ఎండాకాలంలో ఏసీ కూడా పోయినట్టే. వానాకాలంలో ఇంకో అవసరం ఉంది. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేటప్పుడు నల్లమలలో వాన అందుకుంటే ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేస్తుంది. ఘాట్ రోడ్డులో ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని నడపడం ఎంత టెన్షనో పోయినవాళ్ళకే తెలుసు. ఏసీ గాలిలోని తేమను లాగేస్తుంది, హీటర్ ఆ గాలిని వెచ్చబెడుతుంది. రెండూ కలిపి, రీసర్క్యులేషన్ (కారు లోపలి గాలినే మళ్ళీ తిప్పడం) ఆపి, గాలిని అద్దం మీదికి తిప్పితే కాసేపట్లో తేటపడుతుంది. బ్లోయర్ పని చేయకపోతే ఇదేదీ జరగదు.

మండుటెండలో కూడా హీటర్ ఆదుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ అన్నిటికన్నా ఎక్కువ స్పీడు 4 మీద పెట్టండి. ఇంజిన్ వేడి కొంత కారులోకి వచ్చేస్తుంది. లోపల చెమటలు కారతాయి, కారనివ్వండి. ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) పోతే అయ్యే ఖర్చు ముందు అదెంత? ముల్లు ఎర్రగీత దాకా వస్తే మాత్రం ఇవేవీ చేయకుండా పక్కన ఆపి ఇంజిన్ కట్టేయాలి.

హీటర్ లోపల గీజర్‌లాగా కాయిల్ ఉంటుందా?

మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో ఉండదు. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ 90 డిగ్రీల దగ్గర తిరుగుతూ ఉంటుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి అది వస్తుంది, బ్లోయర్ దాని మీదుగా గాలి ఊదుతుంది, మనకు వెచ్చని గాలి వస్తుంది. కాబట్టి హీటర్ వైరింగ్ అంటే దాదాపుగా బ్లోయర్ వైరింగే. కొన్ని డీజిల్ కార్లలో త్వరగా వెచ్చబడటానికి కరెంటుతో పనిచేసే హీటర్ కూడా అదనంగా ఉంటుంది. ఎలక్ట్రిక్ కార్ల సంగతి కింద చెప్తాను.

మా డ్రైవరు "హీటర్ ప్లగ్గు వైరింగ్" అంటున్నాడు. అదీ ఇదీ ఒకటేనా?

కాదు. అది డీజిల్ ఇంజిన్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కావడానికి సిలిండర్‌లో వేడినిచ్చే గ్లో ప్లగ్గు. దాని వైరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి) వేరు. ఈ రెండూ కలగలిపేసి తప్పు సామాను కొని తెచ్చినవాళ్ళను చూశాను.

వైరింగే పోయిందని ఎలా తెలుస్తుంది?

బ్లోయర్ ఏ స్పీడులో తిరుగుతోంది, ఏ స్పీడులో తిరగడం లేదు అన్నది చూస్తే సగం జవాబు తెలిసిపోతుంది.

1, 2, 3 మీద తిరగదు, 4 మీద మాత్రం తిరుగుతుంది అంటే రెసిస్టర్ పోయినట్టే. నాబ్ ఉండే మామూలు కార్లలో తక్కువ స్పీడుల కోసం కరెంటును రెసిస్టర్ గుండా పంపి తగ్గిస్తారు. 4 మీద రెసిస్టర్‌తో పని లేకుండా నేరుగా పోతుంది. రెసిస్టర్ మీద వేడికి తెగిపోయే చిన్న ఫ్యూజు ఉంటుంది, అది తెగితే 4 ఒక్కటే మిగులుతుంది.

తక్కువ స్పీడులన్నీ పనిచేసి 4 ఒక్కటే లేదంటే కప్లర్‌లో 4వ స్పీడు వైరు కాలిందేమో చూడండి. ఎక్కువ కరెంటు మోసేది అదే. లేకుంటే నాబ్ వెనక స్విచ్చి, కొన్ని కార్లలో ఆ స్పీడుకు విడిగా ఉండే రిలే.

ఏ స్పీడూ లేదంటే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, బాడీ ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీకి పోవడానికి కారు బాడీకి బిగించిన వైరు), చివరికి మోటారు. గ్లోవ్ బాక్స్ కింద మోటారును స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టినప్పుడు తిరగడం మొదలైతే మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగాయి. వైరింగ్ జోలికి పోకండి.

గుంతల్లో పోయేటప్పుడు ఆగుతూ వస్తూ ఉంటే ఎక్కడో కనెక్షన్ లూజు. కాలిన వాసన వస్తే పరీక్షలు తర్వాత. ముందు బ్లోయర్ ఆపేయండి.

కప్లర్ అసలెందుకు కాలుతుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, కానీ అడిగేవాళ్ళు తక్కువ. కాలిన కప్లర్ ఒక్కటే మార్చడం జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు. మళ్ళీ కాలుతుంది. నాకు కాలింది.

వైరు మధ్యలో కాలడం అరుదు. కాలేది అతుకు దగ్గరే. చిన్న లెక్క చూడండి. బ్లోయర్ 4 మీద 15 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. కప్లర్ కొత్తగా బిగుతుగా ఉన్నప్పుడు ఆ పిన్ను దగ్గర రెసిస్టెన్స్ 0.005 ఓమ్‌లు అనుకుంటే అక్కడ పుట్టే వేడి ఒక వాట్ చిల్లర. ఏళ్ళ తరబడి అదిరి, తుప్పు పట్టి, పిన్ను వదులై అది 0.1 ఓమ్‌కు పెరిగిందనుకోండి. 15ను 15తో గుణించి 0.1తో గుణిస్తే 22.5 వాట్లు. మన దగ్గర దొరికే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే ప్లాస్టిక్ కప్లర్ లోపల సోల్డరింగ్ ఐరన్ పెట్టి కారు నడుపుతున్నట్టే లెక్క. వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

రెండో కారణం మోటారు. ఇరుసును పట్టుకునే బుష్ ఎండిపోయినా, ఫ్యానులో చెత్త ఇరుక్కున్నా మోటారు బరువుగా తిరుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది. మా ఇంటి ముందు వేపచెట్టు కిందే కారు పెట్టేవాణ్ణి. మోటారు విప్పితే ఫ్యాను రెక్కల మధ్య గుప్పెడు వేపాకు ఈనెలు, ఎర్రమట్టి ముద్దకట్టి ఉన్నాయి. బ్లోయర్ గరగరమంటుంటే రోడ్డు బాగాలేదేమోలే అనుకుని ఆరు నెలలు తిరిగాను. 4 మీద క్లాంప్ మీటరు (వైరు తెంచకుండా దాని చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టి చూస్తే 18 ఆంపియర్లు చూపించింది. కొత్త మోటారు వేశాక 12కు దిగింది.

మూడోది క్యాబిన్ ఫిల్టర్, అంటే కారులోకి వచ్చే గాలిని వడగట్టేది. ఫిల్టర్ మూసుకుపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని చాలామంది మెకానిక్‌లు కూడా అంటారు. నిజానికి గాలి ఆడకపోతే ఇలాంటి ఫ్యాను మీద బరువు తగ్గుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి చెయ్యి అడ్డం పెడితే మోటారు ఇంకా గట్టిగా కీచుమంటుంది చూడండి, అదే. నష్టం వేరేచోట జరుగుతుంది. రెసిస్టర్‌ను గాలి పోయే దారిలో బిగించేది ఆ గాలికి చల్లబడాలనే. గాలి తగ్గితే రెసిస్టర్ మాడిపోతుంది, పక్కనున్న కప్లర్‌కూ సెగ తగులుతుంది. మా వైపు దుమ్ముకు, అందులోనూ తాడిపత్రి రోడ్డులో నాపరాళ్ళ లారీల వెనక రోజూ తిరిగేవాళ్ళకు, పుస్తకంలో రాసిన కిలోమీటర్లు వచ్చేదాకా ఫిల్టర్ ఆగదు.

ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. పెద్దది వేస్తే సరిపోదా?

వద్దు. ఫ్యూజు ఉన్నది మోటారును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు ఓర్చుకోలేని కరెంటు పారితే వైరుకన్నా ముందు తను తెగిపోవాలి. 20కి బదులు 30 వేస్తే ముందు తెగేది ఏదో మీరే ఊహించుకోండి, అది కూడా డ్యాష్‌బోర్డు వెనక, కార్పెట్ పక్కన. రంగులు గుర్తుపెట్టుకోండి: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెలుపు, 30 ఆకుపచ్చ. ఫ్యూజు బాక్సు మూత మీద ఎంత రాసి ఉంటే అంతే. రాగిపోగు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఫ్యూజు పెట్టేవాళ్ళకు నేనేమీ చెప్పలేను.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వైరు ఉంది, వాడొచ్చా?

చాలామంది ఇళ్ళలో అటకమీద ఒక చుట్ట ఉంటుంది, నాకు తెలుసు. వాడకండి. ఇంటి వైరు మీద ఉండే మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే. కారు వైరింగ్‌కు అంతకన్నా ఎక్కువ వేడి తట్టుకునే ఆటో కేబుల్ వస్తుంది, పెట్రోలూ ఆయిలూ తగిలినా త్వరగా పాడవదు. పాత ఇళ్ళలో వాడిన లావుపోగుల వైరు అయితే అదురుకు విరిగిపోతుంది కూడా.

బ్లోయర్‌కు వెళ్ళే మెయిన్ వైరు, ఎర్త్, 4వ స్పీడు వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల సైజు తీసుకోండి. పాత వైరు అంతకన్నా లావుగా ఉంటే ఆ సైజే. 15 ఆంపియర్లు రెండు మీటర్ల దూరం పోవడానికి 2.5 వైరులో పావు వోల్టు తగ్గుతుంది. 0.75 వైరులో ముప్పావు వోల్టు పైనే పోతుంది, అదంతా వేడే. ఆటో విడిభాగాల షాపుల్లో మీటరు లెక్కన ఇస్తారు. రాగిదేనా అని పోగు గీకి చూడండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న సరుకు కూడా తిరుగుతోంది.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

మీ కారుకు సరిపోయే కొత్త కప్లర్ వైరు ముక్కలతో సహా దొరుకుతుంది, అది కొనండి. రెసిస్టర్ పిన్నులు నల్లబడి ఉంటే కొత్త రెసిస్టర్ కూడా కొనాలి, బేరం లేదు. కాలిన పిన్నుకు కొత్త కప్లర్ తగిలిస్తే ఆ కొత్తది కూడా కాలుతుంది. మొదటిసారి నేను ఇక్కడ పిసినారితనం చేసే బోర్లాపడ్డాను. మిగతావి స్ట్రిప్పర్, క్రింపింగ్ ప్లయర్ (లోహపు తొడుగును వైరు మీద నొక్కి అతుకు వేసేది), హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని అతుకును పట్టేసే గొట్టం), 8, 10 సైజు స్పానర్లు, స్టార్ స్క్రూడ్రైవర్, తలకు కట్టుకునే లైటు, మల్టీమీటరు.

మల్టీమీటరు గురించి ఒక మాట. మామూలు మీటర్లు 10 ఆంపియర్లకు మించి కొలవలేవు. బ్లోయర్ వైరు తెంచి మధ్యలో మీటరు పెడితే మీటరు పోతుంది. కరెంటు కొలవాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు కావాలి. ఇంటి కరెంటు పని చేసేవాళ్ళ దగ్గరుండే క్లాంప్ మీటర్లు చాలావరకు ఇంటికి వచ్చే ఏసీ కరెంటును మాత్రమే కొలిచేవి, కారులో ఉండేది డీసీ కరెంటు; కారు వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తాయి. "బ్లోయర్ కరెంటే తీసుకోవట్లేదన్నా" అని మా వీధి కుర్రాడొకడు కంగారుపడింది ఇందుకే.

పని ఎలా మొదలుపెట్టాలి?

పొద్దున్నే, నీడలో. మధ్యాహ్నం డ్యాష్‌బోర్డు కింద తలపెడితే పనిమీద మనసు ఉండదు.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. తిరిగి బిగించేటప్పుడు అన్నిటికన్నా చివర అదే. స్టీరియోకు కోడ్ అడిగే కార్లు ఉన్నాయి, ఆ నంబరు ముందే రాసిపెట్టుకోండి.

ఎక్కువ కార్లలో బ్లోయర్, రెసిస్టర్ ఎడమ సీటు ముందు గ్లోవ్ బాక్స్ వెనక ఉంటాయి. గ్లోవ్ బాక్స్ ఊడదీసి స్క్రూలు టిఫిన్ గిన్నెలో వేయండి. ఏది ముట్టుకున్నా ముందు ఫోన్‌తో ఫోటో తీయండి. కప్లర్‌ను దాని లాకు నొక్కి ఊడదీయాలి, వైర్లు పట్టుకుని లాగకూడదు. కాలినది కరిగి రెసిస్టర్‌కు అతుక్కుపోయి ఉంటుంది. అప్పుడు రెండు స్క్రూలు విప్పి రెసిస్టర్‌తో సహా బయటికి తీసుకుని తీరిగ్గా చూసుకోండి.

ఇక వైరు. నాలుగు వైర్లూ ఒకేసారి కత్తిరించకండి. ఒకటి కత్తిరించి, కొత్తదానికి కలిపి, తర్వాతి దానికి పోండి. కత్తిరించాక తొడుగు వలిచి రాగి రంగు చూడాలి. వేడి తగిలిన వైరు పైకి బాగానే కనిపిస్తుంది. వంచితే తొడుగు ఎండిన కరివేపాకులా పెళుసుగా పగులుతుంది, లోపల రాగి నల్లగా ఉంటుంది. నల్లరాగికి సోల్డర్ పట్టదు, క్రింప్ చేసినా సరిగ్గా తగలదు. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కత్తిరిస్తూ పోవాలి. నా కారులో నాలుగు అంగుళాలు పోయింది, షాపువాళ్ళు అతికించింది అచ్చంగా ఆ నల్ల రాగికే. ఒక్కో అతుకును ఒక్కో ఎత్తులో వేయండి, అన్నీ పక్కపక్కన వస్తే కట్ట లావైపోయి ఒకదానికొకటి రాసుకుంటాయి. స్లీవును అతుకు వేయక ముందే వైరుకు ఎక్కించాలి. అతుకు వేశాక గుర్తొస్తే మళ్ళీ కత్తిరించడమే, అనుభవం మీద చెప్తున్నాను.

చివరిగా ఎర్త్. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, తుప్పూ పెయింటూ గీకి, కొత్త రింగు లగ్గు వేసి గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి.

సోల్డరింగ్ మేలా, క్రింపింగ్ మేలా?

నా ఓటు క్రింపింగ్‌కే. సోల్డర్ ఎక్కినంత మేర వైరు బిరుసెక్కుతుంది, అది ఎక్కడ ఆగిందో అక్కడ అదురుకు విరిగే అవకాశం ఉంది. కాకపోతే కటింగ్ ప్లయర్‌తో నొక్కింది క్రింపింగ్ కాదు. సరైన ప్లయర్ లేకపోతే చక్కగా సోల్డర్ చేసి, స్లీవు వేసి, కదలకుండా కట్టుకోవడం నయం. మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం అతుకు కిందికే రాదు. మా ఎండకు ఆ టేపు జిగురు కారిపోయి ఊడివస్తుంది.

పాత వైర్ల రంగులు, కొత్త కప్లర్ రంగులు కలవడం లేదు.

రంగులు వదిలేయండి, పిన్ను స్థానం చూసి కలపండి. నల్లవైరు అంటే ఎర్తే అనుకోవద్దు. కొన్ని కార్లలో మోటారుకు 12 వోల్టులు నేరుగా వస్తాయి, రెసిస్టరూ స్పీడు నాబూ ఎర్త్ వైపు ఉంటాయి. కొన్నిటిలో తిరగేసి ఉంటుంది.

నాబ్ స్విచ్చి కూడా కాలుతోంది. రిలే పెట్టొచ్చా?

పాత కార్లలో 4వ స్పీడుకు రిలే పెట్టుకోవచ్చు, స్విచ్చి మీద బరువు తగ్గుతుంది. రిలే 85, 86 కాళ్ళు కాయిల్‌కు, 30 బ్యాటరీ నుంచి, 87 మోటారుకు. ఇది మోటారుకు పాజిటివ్ స్విచ్చి గుండా వచ్చే కార్ల లెక్క. ఎర్త్ వైపు స్విచ్చి ఉంటే కనెక్షన్ మారుతుంది, మీ కారు సర్క్యూట్ బొమ్మ చూడకుండా కలపకండి. బ్యాటరీ నుంచి వచ్చే కొత్త వైరుకు బ్యాటరీ దగ్గరే, జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి.

పని అయ్యాక సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఫ్యాను తిరిగితే అయిపోయిందనుకోవద్దు. ఇంజిన్ ఆన్‌లో, బ్లోయర్ 4 మీద పెట్టి, మల్టీమీటరు డీసీ వోల్టులలో ఉంచండి. ఒక పుల్ల బ్యాటరీ పాజిటివ్‌కు, రెండోది మోటారు కప్లర్‌లో పాజిటివ్ వైరుకు వెనకనుంచి తాకించండి. అర వోల్టు లోపు చూపిస్తే బాగుంది. ఒకటీ ఒకటిన్నర చూపిస్తే దారిలో ఎక్కడో అతుకు వేడెక్కుతోంది. అలాగే ఎర్త్ బోల్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూస్తే 0.2 దాటకూడదు. పావుగంట నడిచాక కప్లర్‌ను వేలితో తాకండి. వెచ్చగా ఉంటే పరవాలేదు, చెయ్యి పెట్టలేకపోతే మళ్ళీ విప్పాలి.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి.

శెనక్కాయల కాలంలో మా వైపు ఇది మామూలే. పొలం నుంచి డిక్కీలో మూటలు వేసుకొస్తాం, నాలుగు కాయలు సీటు కింద పడతాయి, వాసనకు ఎలుక దిగుతుంది. మా చిన్నాన్న కారులో బ్లోయర్ మోగుతోందని విప్పితే లోపల గూడు, దాని నిండా శెనక్కాయ పొట్టు, పక్కన కొరికేసిన వైరు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే అని నవ్వుకున్నాం. కారు లోపల శుభ్రంగా ఊడ్చి, రాత్రి ఏసీ గాలిదారి రీసర్క్యులేషన్‌లో పెట్టి ఆపండి, బయటి ద్వారం మూసుకుని ఉంటుంది. కొరికిన వైరుకు టేపు చుట్టి వదిలేయకండి.

బ్లోయర్ బాగానే తిరుగుతోంది, హీటర్ పెట్టినా చల్లగాలే వస్తోంది.

అది వైరింగ్ కాదు. కూలెంట్ తగ్గిందేమో, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో, వేడిగాలికి దారి ఇచ్చే రేకు కదలడం లేదేమో చూడండి. ఇంజిన్ వేడిమీద రేడియేటర్ మూత తీస్తే మరిగే కూలెంట్ మొహాన చిమ్ముతుంది. చల్లారాకే తీయండి.

ఇంట్లో అసలు ముట్టుకోకూడనివి ఏవి?

పసుపు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి మీటరు పుల్ల కూడా తాకించకండి. ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ గ్లోవ్ బాక్స్‌కు పైనే ఉంటుంది కాబట్టి, బ్యాటరీ విప్పాక మీ కారు పుస్తకంలో ఎన్ని నిమిషాలు ఆగమని రాసుంటే అంతసేపు ఆగి పని మొదలుపెట్టండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు వందల వోల్టులవి. ఎలక్ట్రిక్ కార్లలో హీటర్ కూడా వాటి మీదే నడుస్తుంది. ఆ పని దానికి శిక్షణ ఉన్నవాళ్ళదే. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో కాయిల్ రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, టెస్టింగ్ బల్బుతో దాన్ని గుచ్చితే పోతుంది. కారు వారంటీలో ఉంటే కూడా చెయ్యి పెట్టకుండా కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

మొత్తం ఎంతసేపు పడుతుంది?

మొదటిసారి నాకు పొద్దున ఏడుకు మొదలుపెడితే సాయంత్రం అయిదయింది, మధ్యలో స్లీవుల కోసం రెండుసార్లు టవర్ క్లాక్ దాకా పోయొచ్చాను. తర్వాత బావ కారుకు రెండు గంటల్లో అయిపోయింది. అందులో అరగంట కార్పెట్ కింద పడిన స్క్రూ కోసం వెతకడమే.